మెగ్నీషియం కొనే ముందు ఆ టీ గ్లాసు సంగతి చూడు తమ్ముడూ

రాత్రి నిద్ర పట్టేటప్పుడు ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడుతోంది, తెల్లవారుజామున పిక్క పట్టేస్తోంది, కనురెప్ప ఆగకుండా అదురుతోంది, ఏ కంపెనీ మెగ్నీషియం మంచిది అని అడిగావు. మధ్యలో ఒక మాట అలా అనేసి వదిలేశావు, పొద్దున్నే టీ గ్లాసు రెండుసార్లు చేతిలోంచి ఎగిరిపడిందని. నాకు మిగతా వాటికంటే అదే గుచ్చుకుంది. దాని దగ్గరికి వస్తాను, ముందు నా సంగతి విను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తిలో గుమస్తాను. సీజన్ అంటే ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరేదాకా పొద్దంతా కాంటా దగ్గర నిలబడుడే, చెమట ధారగా పోతుంది, రోజుకు ఎనిమిది టీలు. ఒక ఏడు రాత్రి మూడింటికి పిక్క రాయిలా బిగుసుకుని అరుస్తూ లేచేవాణ్ని. కుడికన్ను కూడా అదిరేది. మంచిదే, లాభం వస్తుంది అంది మా అమ్మ. ఆ సీజన్లోనే రేటు పడిపోయింది, అది వేరే విషయం.

మెడికల్ షాపులో అడిగితే మెగ్నీషియం, బీ కాంప్లెక్స్ చేతిలో పెట్టాడు. నెలరోజులు మింగాను. విరేచనాలు పట్టుకున్నాయి గానీ పిక్క మాత్రం వదల్లేదు. చివరికి డాక్టర్ దగ్గరికి పోతే ఆయన ముందు అడిగింది నొప్పి గురించి కాదు, రోజూ ఏం మాత్రలు వేసుకుంటావని. గ్యాస్ మాత్ర, పాంటాప్రజోల్, నాలుగేళ్లుగా పరగడుపున వేసుకుంటున్నా, అసలు దాన్ని మందుగానే లెక్కపెట్టలేదు నేను. ఏడాదికి మించి వాడితే కొందరిలో ఒంట్లో మెగ్నీషియం పడిపోతుందట, అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది, పైగా ఆ మాత్ర మానకుండా మెగ్నీషియం మింగినా కొందరికి సరిపోదు. బిందెకు అడుగున బొక్క ఉంటే పైనుంచి ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం. రక్తపరీక్షలో మెగ్నీషియం తక్కువే వచ్చింది, విటమిన్ డి కూడా తక్కువే. గ్యాస్ మాత్రను డాక్టరే మెల్లగా తగ్గించి మాన్పించాడు (ఒక్కసారిగా ఆపితే మంట ఎగదన్నుతుంది, సొంతంగా చేయకు), డి పొడి వారానికొకటి ఇచ్చాడు. రెండు నెలలకు రాత్రుళ్లు నిద్ర పట్టింది.

లోపం లేనివాళ్లకు మెగ్నీషియం పెద్దగా పనిచేయదు. పెద్దవయసువాళ్ల పిక్కల పట్టు మీద చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2020 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడపట్టే సంస్థ) సమీక్ష కూడా దాదాపు అదే చెప్పింది. కిడ్నీ సమస్య ఉంటే అది ప్రమాదం కూడా. బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అదే నరాలను పాడుచేసి తిమ్మిర్లు తెస్తుంది, కాబట్టి నరాల బలానికి అని రెండు మూడు రకాలు కలిపి మింగకు.

నాకు ఖర్చు లేకుండా పనికొచ్చినవి చెబుతాను. పడుకునే ముందు గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకే ఉంచి పిక్కను సాగదీయడం, ఒక్కో కాలికి అర నిమిషం చొప్పున మూడుసార్లు. పట్టేసినప్పుడైతే కాలివేళ్లను నీవైపు లాక్కో, పిసికేకంటే అది నయం. చెమట పోయిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ. మా మామ భూపాలపల్లి గనిలో చేసేవాడు, చెమట కారినంక ఉత్త నీళ్లే తాగితే కండరాలు పట్టేస్తాయని ఎప్పటినుంచో అంటాడు, ఆయన మాట నిజమే (బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి). టీలు ఎనిమిది నుంచి మూడుకు తెచ్చాను, సాయంత్రం నాలుగు దాటితే బంద్. రెండు వారాల్లో కన్ను అదరడం ఆగింది. గ్రూప్స్‌కు చదువుతూ రాత్రి రెండింటిదాకా టీ మీద టీ తాగే నీకు రెప్ప అదరకపోతేనే వింత. నిద్రలోకి జారేటప్పుడు ఒళ్లు ఉలిక్కిపడడమూ చాలామందికి ఉండేదే, నిద్ర తక్కువైతే, టెన్షన్ ఉంటే పెరుగుతుంది.

ఇక గ్లాసు సంగతి. మా బావమరిది కూతురు ఇంటర్ సెకండియర్‌లో ఉండగా పొద్దున పళ్లు తోముకుంటుంటే బ్రష్ చేతిలోంచి ఎగిరిపడేది. స్పృహలోనే ఉండేది, నవ్వేది కూడా. నీరసం అనుకుని బీ12 ఇంజెక్షన్లు వేయించాం. పరీక్షల ముందు రెండు రాత్రులు నిద్ర లేదు, మూడోనాడు పొద్దున పెద్ద ఫిట్స్ వచ్చి కిందపడింది. ఈఈజీ (తలకు తీగలు పెట్టి మెదడు పనితీరు చూసే పరీక్ష) తీసి, ఈ వయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛ అని, లేవగానే చేతులు అలా ఎగరడమే దాని గుర్తని న్యూరో డాక్టర్ చెప్పాడు. మందులతో ఇప్పుడు బాగుంది, డిగ్రీ చదువుతోంది. ఒక్కటే షరతు, నిద్ర తప్పకూడదు. నీకూ అదే అని అనడం లేదు, చేయి తిమ్మిరెక్కి జారినా జారుతుంది. కానీ నీ వయసు, నీ నిద్ర, పొద్దున పూటే రావడం చూస్తే ఈ వారమే న్యూరో డాక్టర్‌కు చూపించుకో. మళ్లీ వస్తే రూంలో ఎవరైనా ఉంటే ఫోన్‌లో వీడియో తీయమను, నువ్వు నోటితో చెప్పేదానికంటే డాక్టర్‌కు అది ఎక్కువ పనికొస్తుంది. చూపించుకునేదాకా బండి నడపకు, ఊరికి బస్సులో పో, బావిలో ఈతకు కూడా దిగకు.