దుకాణానికి చేరింది మనం పంపిన ఫైలేనా?

ప్రశ్న: బరంపురంలోని పట్టుచీరల దుకాణాలకు బిల్లులు వేసుకునే వెబ్ అప్లికేషన్ తయారుచేసి ఇచ్చాను. పండుగ రాయితీని 10 నుంచి 15 శాతానికి మార్చి సర్వర్‌లో పెట్టినా, ఒక దుకాణంలో మూడు రోజులు పాత లెక్కే పడింది. అక్కడికి చేరిన ఫైళ్లు సరైనవేనని ఎలా తెలుసుకోవాలి? హెచ్‌టీటీపీఎస్ ఉంటే చాలదా?
– ఒక పాఠకుడు, గంజాం జిల్లా, ఒడిశా

జవాబు: హెచ్‌టీటీపీఎస్ అనే సురక్షిత కనెక్షన్, దారిలో ఎవరూ ఫైలును మార్చకుండా కాపాడుతుంది, కానీ సర్వర్‌లోనే తప్పు ఫైలు ఉంటే దానినే భద్రంగా చేరుస్తుంది. అయితే మీ విషయంలో ముందు అనుమానించవలసింది బ్రౌజర్ దాచుకున్న పాత ప్రతిని. నెట్ పోయినా బిల్లు ఆగకూడదని మీరు సర్వీస్ వర్కర్ (ఫైళ్లను బ్రౌజర్‌లో దాచి, నెట్ లేకున్నా అందించే స్క్రిప్ట్) పెట్టి ఉంటే, దాని కొత్త ప్రతి దిగినా, పాత ట్యాబులన్నీ మూసేదాకా అది సాధారణంగా పని మొదలుపెట్టదు. దుకాణంలో ఆ ట్యాబును రోజుల తరబడి మూయరు కదా! క్రోమ్‌లో ఎఫ్-12 నొక్కి ‘అప్లికేషన్’ భాగం తెరిస్తే, కొత్తది ‘వెయిటింగ్’ అని కనిపిస్తుంది.

ఇక సరిచూసే పద్ధతి. ఫైలు పరిమాణాన్ని నమ్మవద్దు. 10 బదులు 15 రాస్తే ఫైలు ఒక్క బైటు కూడా పెరగదు. షా-256 హాష్ (ఫైలులోని మొత్తం సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి గుర్తు) తీస్తే మాత్రం 64 అక్షరాల వరుస పోలికే లేకుండా మారిపోతుంది. 2016లో వెబ్ ప్రమాణాలను రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన సబ్‌రిసోర్స్ ఇంటెగ్రిటీ పద్ధతిలో, స్క్రిప్ట్ ట్యాగులో ‘ఇంటెగ్రిటీ’ అని ఆ హాష్‌ను ప్రమాణం చెప్పిన రూపంలో రాసి ఉంచితే, దానితో సరిపోలని ఫైలును బ్రౌజర్ నడపదు. వేరే సర్వర్ నుంచి వచ్చే ఫైళ్లకు ఇది తప్పక పెట్టండి.

కానీ ఆ హాష్‌లు రాసి ఉన్న పేజీని ఎవరు సరిచూస్తారు? పేజీ, ఫైలూ రెండూ పాతవే అయితే హాష్‌లు చక్కగా కుదురుతాయి. సర్వర్‌లో చొరబడినవాడు రెండింటినీ కలిపే మారుస్తాడు. అందుకే సరైన హాష్ వేరే దారిన రావాలి. వాట్సాప్ వెబ్ కోసం 2022లో వచ్చిన ‘కోడ్ వెరిఫై’ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చేసేది ఇదే: సరైన హాష్‌ను క్లౌడ్‌ఫ్లేర్ అనే వేరే కంపెనీ దగ్గర ఉంచి, బ్రౌజర్‌కు చేరిన కోడ్‌ను దానితో పోలుస్తుంది. అప్లికేషన్ తన హాష్ తానే చెప్పుకొంటే అది సాక్ష్యం కాదు, ఎందుకంటే మారిన కోడ్ ఏ హాష్‌నైనా చూపగలదు.

మీకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. కంప్యూటరు దుకాణదారు చేతిలో ఉన్నంతవరకు అక్కడి ఫైలును ఆయన కూడా మార్చగలరు. కాబట్టి బిల్లు మూల మీద వెర్షన్ సంఖ్య ముద్రించండి, పాత వెర్షన్ నుంచి వచ్చిన బిల్లును సర్వర్ తిప్పి పంపేలా చేయండి, రాయితీ లెక్కను సర్వర్‌లో మళ్లీ వేయించండి.