జామ్ రూమ్‌కి ఒకసారి మీరూ వెళ్లి రండి

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. ఇంటర్ నుంచీ కలిసి తిరిగే నలుగురూ రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. మావాడు బేస్ గిటార్ వాయిస్తాడు. వారానికి రెండు సాయంత్రాలు జామ్ రూమ్ (బ్యాండ్ల ప్రాక్టీసుకి అద్దెకిచ్చే గది), గంటకు 400 అద్దె. ఒక్క పాట చేయడానికి నాలుగు నెలలు పట్టిందట! పాడేది ఒకడు, రాసేది ఇంకొకడు. అందరి చప్పుళ్లనీ కలిపే మిక్సర్ అని ఒక పెట్టె ఉంటుందట, మావాడు వైర్లూ మిక్సరూ చూసుకుంటాడట. రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, అందులో ఒకటి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్. చదువయ్యాక ఏడాది బ్యాండ్ మీదే ఉంటానంటున్నాడు. వాళ్ల నాన్న గిటార్ అమ్మేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, బ్యాక్‌లాగ్‌ల కన్నా ‘వైర్లూ మిక్సరూ చూసుకుంటాడట’ అన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మీరు దాన్ని కాస్త చిన్నతనంగా రాసినట్టున్నారు. దాని సంగతికి వస్తాను. ముందు ఆ నాలుగు నెలల లెక్క చూద్దాం.

సినిమా పాటకి సంగీత దర్శకుడని ఒకరుంటారు, చివరి మాట ఆయనది. స్నేహితుల బ్యాండులో అలాంటి పెద్ద దిక్కు ఉండదు. ఒకడు గిటార్ మీద నాలుగు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) పట్టుకొస్తాడు. మిగతావాళ్లు వాటినే అరగంటసేపు తిప్పితిప్పి వాయిస్తారు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఇంటికెళ్లి వింటారు. రాత్రి గదిలో ఊపేసిన ముక్క పొద్దున వింటే చప్పగా ఉంటుంది. పారేస్తారు. వచ్చే వారం మళ్లీ మొదలు. స్నేహితులు కాబట్టి ‘ఇది బాలేదురా’ అని మొహం మీదే అనేస్తారు. స్నేహితులు కాబట్టే, ఒకడికి నచ్చలేదని అలిగితే వాణ్ని పక్కన పెట్టి ముందుకు పోలేరు.

మొన్న సైనిక్‌పురిలో ఒక బ్యాండ్ ప్రాక్టీసులో రెండు గంటలు కూర్చున్నాను. మేడ మీద గది, గోడల నిండా కోడిగుడ్ల ట్రేలు. (వాటితో గదిలో గింగురు కొంచెం తగ్గుతుందేమో గానీ చప్పుడు బయటికి పోకుండా ఆగదు. కింది వాటా పెద్దాయన రెండుసార్లు పైకొచ్చారు.) పాటలో ఒక లైను ‘నిన్నటి వాన ఇంకా ఆరలేదు’. పాడే అబ్బాయికి ఎంతకీ కుదరడం లేదు. డ్రమ్స్ దగ్గర కూర్చున్నవాడు కర్రలు ఒళ్లో పెట్టుకుని, “‘నిన్న’ అన్నచోట నా స్నేర్ డ్రమ్ దెబ్బ పడాలిరా, నువ్వు ముందే ఎత్తుకుంటున్నావ్” అన్నాడు. అర బీటు ఆగి ఎత్తుకున్నాడు, అంతే, లైను కూర్చుంది. తెలుగు మాట మామూలుగా అచ్చుతో ముగుస్తుంది, చివర సాగుతుంది. ఇంగ్లిష్ మాటలా హల్లు మీద టక్కున తెగదు. ఇంగ్లిష్ రాక్ వింటూ పెరిగిన పిల్లలకి తెలుగులో రాయబోయేసరికి మొదట తగిలే చిక్కు ఇదే. ఆ ఒక్క లైనుకి 50 నిమిషాలు పట్టింది. అందుకే మీవాళ్ల నాలుగు నెలలు నాకు ఎక్కువనిపించలేదు.

పెద్ద బ్యాండ్లకీ ఇదే తంతు. ఢిల్లీలో ‘ఇండియన్ ఓషన్’ 1990లో మొదలైంది. వాళ్లకి బాగా పేరు తెచ్చిన ‘కందీసా’ ఆల్బమ్ 2000లో గానీ రాలేదు. కరోల్ బాగ్‌లో ఒక పాత ఇంట్లో ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేశారు. తర్వాత ఒక ఆల్బమ్‌కి ఆ ఇంటి చిరునామానే పేరుగా పెట్టుకున్నారు: ‘16/330 ఖజూర్ రోడ్’. 2010లో ఆ ఆల్బమ్ పాటల్ని నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. ఇరవై ఏళ్ల పేరున్నవాళ్లే పాటని ఊరికే ఇచ్చారంటే, పాట అమ్మి ఇల్లు గడపడం ఎలాంటిదో మీవాడు ఆలోచించాలి. బ్యాండ్లకి డబ్బు ప్రధానంగా వచ్చేది స్టేజీ షోల నుంచే. అన్నట్టు, ఆ బ్యాండులో బేస్ వాయించే రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్‌లో పీహెచ్‌డీ చేసినవాడు. ఈ ముక్క వాళ్ల నాన్నగారికి చెప్పండి, కొంచెం మెత్తబడతారు.

ఇప్పుడు వైర్ల సంగతి. బేస్ గిటార్ యాంప్లిఫయర్ ఒక సాకెట్‌లో, లాప్‌టాప్ ఇంకో సాకెట్‌లో పెట్టి రెండిటినీ మిక్సర్‌కి కలిపితే చాలాసార్లు స్పీకర్‌లోంచి ‘మ్మ్మ్’ అని ఆగకుండా హోరు వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది మూడో గడిలో) పలికే జి స్వరం 49 హెర్ట్జ్. రెండూ పక్కపక్క ఇళ్లు. ఈక్వలైజర్‌లో (లావు, సన్న శబ్దాల్ని విడివిడిగా పెంచే, తగ్గించే మీటల్లో) ఆ చోటు కోసేస్తే హోరుతో పాటు మీవాడి స్వరమూ పల్చబడిపోతుంది. తెలిసినవాడు ఈక్వలైజర్ జోలికి పోడు, ఎర్త్ దగ్గర వెతుకుతాడు, అన్నిటినీ ఒకే బోర్డుకి పెట్టి చూస్తాడు. మీవాడు రోజూ చేస్తున్న పని ఇలాంటిదే అయితే, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో తప్పడం విచిత్రం. పుస్తకంలో ఫూరియర్‌ని (ఏ శబ్దాన్నైనా విడివిడి స్వరాలుగా విడదీసి చూపే లెక్కని) చూసి పారిపోయినవాడు జామ్ రూమ్‌లో ఫూరియర్‌తోనే కాపురం చేస్తున్నాడు! ఈ సంగతి ఎవరూ వాడికి చెప్పినట్టు లేదు.

నలుగురిలో వాడు ఏ పని మీద వేసుకుంటున్నాడో అదే వాడి దారి అని నా అనుభవం. లైవ్ సౌండ్ ఇంజనీర్లకి పెళ్లి స్టేజీల నుంచి పెద్ద కచేరీల దాకా పని ఉంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సుకి డిగ్రీతో పాటు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ చదివినవాడికి ఆ అర్హత సగం చేతిలో ఉన్నట్టే. ఇయర్‌బడ్స్, వినికిడి పరికరాలు తయారుచేసేవాళ్లకి ఆడియో సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చిన ఈసీఈ వాళ్లు కావాలి. సౌండ్ కోర్సుకైనా, ఈ ఉద్యోగాలకైనా డిగ్రీ పూర్తి కావాలి. అంటే బ్యాక్‌లాగ్‌లు పోవాలి, అందులో సిగ్నల్స్ ముందు.

ఏడాది ఖాళీగా ఉంటానంటే మాత్రం నేను మీ పక్షమే. కాదనకండి, కాగితం అడగండి. నెలకి ఎన్ని షోలు, షోకి ఎంత, నలుగురికీ పంచగా ఎంత, జామ్ రూమ్‌కి ఎంత. ఇప్పటి లెక్కనే వారానికి రెండు సాయంత్రాలు, పూటకి రెండేసి గంటలనుకున్నా నెలకి 6,400 అవుతోంది.

ఇంకో కాగితం కూడా రాసుకోమనండి. పాటలో మాటలు, ట్యూను, రికార్డింగు – చట్టం దృష్టిలో మూడూ వేర్వేరు హక్కులు. బేస్ వాయించినవాడి పేరు వీటిలో ఎక్కడా లేకుండా పోవడం మామూలే. అమెరికాలో ఆర్‌ఈఎమ్ బ్యాండు సొంత పాటలకి నలుగురి పేర్లూ కలిపి వేసుకునేది. మీవాళ్లు అలా సమానం అనుకుంటారో, ఎవరిది వాళ్లదే అంటారో వాళ్లిష్టం. పాట బయటికి రాకముందే రాసి నలుగురూ సంతకం పెట్టాలి. రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు ఐపీఆర్‌ఎస్ అనే రాయల్టీ వసూలు సంఘంలో సభ్యులుగా చేరితే రాయల్టీ వసూలుకి దారి ఉంటుంది. మా కాలేజీ బ్యాండులో మేం ఈ పని చేయలేదు. ‘మన మధ్య కాగితాలేంట్రా’ అనుకున్నాం. ఒక ట్యూను నాదని నేను, తనదని బ్యాండులోని ఒక స్నేహితుడు. ఇప్పటికీ ఎవరి పెళ్లిలోనైనా ఎదురైతే ఇద్దరం వేర్వేరు బంతుల్లో కూర్చుంటాం.

ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు, అమ్మా, మీరిద్దరూ ఆ జామ్ రూమ్‌లో ఒక గంట కూర్చోండి. సలహా ఇవ్వకండి. పాట ఆగిపోయినప్పుడు మిగతా ముగ్గురూ ఎవరి వైపు తిరుగుతున్నారో చూడండి, చూసి నాకు రాయండి. చెవుల్లోకి దూది తీసుకెళ్లండి, డ్రమ్స్ చిన్న గదిలో చాలా గట్టిగా వినిపిస్తాయి. సప్లీ ఫలితాలు వచ్చేదాకా గిటార్ అమ్మే మాట ఎత్తొద్దని వాళ్ల నాన్నగారితో నా మాటగా చెప్పండి.