నాట్ల పాట రికార్డింగ్‌కు పోయే ముందు

బిడ్డా,

నువ్వు నాట్ల పాట రికార్డు చేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కానీ "వాయిద్యాల ట్రాక్ రెడీ అయిందట, ఆదివారం పోయి పాడి రావడమే" అన్న మాట దగ్గర నా గుండె గుభేలుమంది. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. ముందు రాత్రి కంటినిండా నిద్రపో. గోరువెచ్చని నీళ్లు వెంట ఉంచుకో. గాజులు, పట్టీలు ఇంట్లోనే తీసి పో, కండెన్సర్ మైకు వాటి సవ్వడి కూడా పట్టేస్తుంది. మైకుకు జానెడుకు కాస్త తక్కువ దూరంలో నిలబడు. పై స్వరం అందుకునేటప్పుడు గొంతు తగ్గించకు, తలే కొంచెం వెనక్కి జరుపు. హెడ్‌ఫోన్ సౌండు తక్కువ పెట్టించు, లేకపోతే తాళం కోసం చెవిలో వినిపించే క్లిక్ చప్పుడు మైకులోకి కారుతుంది, తర్వాత తీయడం కష్టం.

ఇక అసలు సంగతి. నువ్వు నోరు తెరవకముందే ట్రాక్ ఎట్లా రెడీ అయింది? ఎవరి శ్రుతికి, ఎవరి వేగానికి? క్యాసెట్ల కాలం నుంచి ఉన్న తప్పే ఇది. కీబోర్డు ముందు వాయించేస్తారు, పాడే పిల్ల ఆఖరున వచ్చి అందులో ఇరుక్కుంటుంది. పల్లవి బాగానే పోతుంది. మూడో చరణానికి పై స్వరం చీలుతుంది, పదో టేకుకు గొంతు బొంగురు పోతుంది. అప్పుడు "పిట్చ్ సరిచేస్తాంలే" అంటారు. ఆ సరిచేయడంలో మన పాటకున్న జారుడు, విరుపు రెండూ సాఫై పోతాయి. ఊరి గొంతు పోయి ఎవరి గొంతో వినిపిస్తుంది.

కాబట్టి ఇట్లా చెయ్యి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం మొత్తం పాట పాడు. పల్లవితో శ్రుతి నిర్ణయించకు, అన్నిటికంటే పైకి పోయే చరణంతో నిర్ణయించు. ఐదున్నర శ్రుతిలో హాయిగా ఉందనిపిస్తే స్టూడియోలో కాస్త కిందిదైన ఐదు శ్రుతి అడుగు, పదిసార్లు పాడాల్సి వస్తుంది కాబట్టి. అంతకంటే దించొద్దు. మరీ దించితే పొలం పాటలోని పదును పోయి జోలపాటలా మెత్తబడుతుంది.

వేగం ఇంకా ముఖ్యం. నాటు వేసే చెయ్యి నారు తీసుకోవడం, వంగడం, గుచ్చడం, వెనక్కి జరగడం: పాట నడక దాంట్లోంచి పుట్టింది. మీ అమ్మను నాటు వేస్తున్నట్టు చెయ్యి ఆడిస్తూ పాడమని ఫోన్‌లో రికార్డు చెయ్యి. దాని మీద మెట్రోనోమ్, అంటే తాళం కొలిచే యాప్, పెట్టి నిమిషానికి ఎన్ని దెబ్బలో కొలువు. 90 వస్తే 90 అనే చెప్పు. డ్యాన్సుకు బాగుంటుందని 115 పెడతారు, ఒప్పుకోకు. ఆ వేగంలో మాట చివరి అచ్చులు మింగేసినట్టు అయిపోతాయి, మాట అర్థం కాని పాట ఎందుకు?

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మీ అమ్మమ్మ పాట ఎత్తుకుంటే గట్టు దాకా వినిపించేది, ఊపిరి ఎక్కడా ఆగినట్టు ఉండేది కాదు. గొప్ప ఊపిరి అనుకునేవాళ్లు. అసలు సంగతి ఏమిటంటే, ఆమె ఒక చరణం అంటే వెనక పదిమంది అందుకునేవాళ్లు, ఆ సందులో ఆమె ఊపిరి తీసుకునేది. ఒంటరిగా స్టూడియోలో ఆ సందు ఉండదు. అందుకే నీ గొంతు ఒక ట్రాకు, కోరస్ వేరే ట్రాకు పెట్టించు, కోరస్ వచ్చే చోట నువ్వు పాడకు. డప్పు కూడా విడిగా తీయించు. వానాకాలం కదా, చర్మం మెత్తబడి స్థాయి దిగిపోతుంది. వచ్చేముందే బాగా కాచుకుని రమ్మను, రెండు టేకులకోసారి మళ్లీ కాచనియ్యి.

కాగితం సంగతి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకు, చదవకుండా సంతకం చెయ్యకు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు అనే లెక్క, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే వాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతా" అని రాయిస్తారు. ఆ రెండు మాటలు కనిపిస్తే పెన్ను కింద పెట్టి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. పాడినదాని మీద పాడినవాళ్లకు చట్టం 50 ఏళ్లు హక్కు ఇచ్చింది, ఊరికే వదులుకోకు. ఊళ్లో ఉన్న చరణాలకు "సేకరణ" అని, నువ్వు కట్టిన రెండు చరణాలకే "రచన" అని వేయించు. అందరి పాటను ఒకరి పేరున రాయించే పాపం మనింటికి వద్దు తల్లీ. తిరిగి వచ్చేటప్పుడు నాణ్యత తగ్గించని 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు, విడివిడి ట్రాకులతో సహా హార్డ్ డిస్క్‌లో తెచ్చుకో. నాణ్యత తగ్గించి కుదించిన ఎంపీ3 ఒక్కటే ఇచ్చి పంపితే కదలకు.

ఆదివారం ట్రాక్ ఆపించు. గొడవ పడకు, "నా శ్రుతికి మళ్లీ వేయండి అన్నా" అని మర్యాదగా అడుగు. కోరస్‌కు స్టూడియో పిల్లలు వద్దు, మీ వాడలో నాట్లకు పోయే ముగ్గురిని తీసుకుపో. బస్సు కిరాయి, మధ్యాహ్నం అన్నం, నాటు కూలికి తగ్గకుండా రోజు కూలి చేతిలో పెట్టు. నాట్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో పని మానుకుని వస్తారు. వాళ్ల పేర్లు వీడియో కింద నీ పేరు పక్కనే వేయించు. డబ్బు తక్కువైతే చెప్పు, పంపుతా.

మీ మామయ్య