బీరువా సంగతి తర్వాత, ముందు రిజిస్టరు తెరవండి

ప్రశ్న: రిటైరయ్యాక మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఓ మూల పర్యావరణ సమాచార కేంద్రం నడపాలని ఉంది. బీరువా, కొంత డబ్బు ఇస్తామని దాతలు ముందుకొచ్చారు. ఏ పుస్తకాలు కొనమంటారు? జనం వచ్చి అడిగితే జవాబు చెప్పేంత సైన్సు నాకు రాదు, అదే టెన్షన్.
- ఒక తెలుగు మాస్టారు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, ఆ డబ్బు అలాగే ఉంచి ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. తేదీ, ఊరు, అడిగిన ప్రశ్న (వాళ్ల మాటల్లోనే), మీరు చూపించిన కాగితం అని నాలుగు గడులు గీయండి. నేను పద్నాలుగేళ్లు ఇలాంటి బల్ల దగ్గరే కూర్చున్నాను. మొదటి ఏడాది ఓజోన్ పొర మీద, పులుల మీద రంగురంగుల పుస్తకాలు తెప్పించాను. వచ్చినవాళ్లేమో "మా బోరు నీళ్లు తాగొచ్చా?", "క్రషర్ దుమ్ము మిరపతోట మీద పడుతోంది, ఎవరికి రాయాలి?" అని అడిగారు. పులి కావాలని వచ్చింది స్కూలు ప్రాజెక్టు పిల్లలే!

సైన్సు రాదని బెంగ వద్దు. సరైన కాగితం తీసి చదివి వినిపించడమే మన పని. కాకపోతే పూర్తిగా చదవాలి. ఒకాయన బోరు నీళ్ల రిపోర్టు తెచ్చాడు, ఫ్లోరైడ్ లీటరుకు 1.4 మిల్లీగ్రాములు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 1.5 కనబడగానే "పరిమితిలోనే ఉందండీ" అనేశాను. ఆ పట్టికలో రెండు కాలమ్‌లుంటాయి. మొదటి దాంట్లో 1 ఉంది. 1.5 అనేది వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే. ఆయన ఊళ్లో కుళాయి ఉందా అని నేను అడగనేలేదు. రిజిస్టరులో ఊరి పేరుండబట్టి కబురు పెట్టి, తప్పు ఒప్పుకోగలిగాను. మీకూ ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి 1937లో తొలిసారి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే. మీ వైపు పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే.

బీరువాలో మొదటి అర ప్రజాభిప్రాయ సేకరణ కాగితాలకు వదలండి. ఫ్యాక్టరీకో గనికో అనుమతి ఇచ్చేముందు సభ పెట్టాల్సివస్తే, కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. దానివల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే ప్రభావ నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూసుకోవచ్చు. దాని సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కాలుష్య నియంత్రణ మండలి ఆ సారాంశాన్ని ఎంపిక చేసిన పబ్లిక్ లైబ్రరీల్లోనూ చూపించవచ్చని ఈ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ మాట ఉటంకిస్తూ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇప్పుడే ఒక ఉత్తరం రాసిపెట్టండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది, 10 రూపాయలు. కానీ దానికీ 30 రోజుల గడువుంటుంది, సభ దాటిపోతుంది. అందుకే ముందు ఉత్తరమే.

ఆ సారాంశం చేతికొస్తే ఎవరికీ ఇంటికి ఇవ్వకండి. మొహమాటానికి నేనొకసారి ఇచ్చాను. సభ అయిపోయిన వారానికి తిరిగొచ్చింది, అట్ట మీద టీ మరకతో.