ఆయిల్ లైట్ వెలుగుతోందా, అయితే స్విచ్ కొనే ముందు ఇది చదువు

తమ్ముడూ,

నీ పాత మోటార్‌సైకిల్ బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ లైట్ వెలుగుతోందని, పాత బండ్లకు ఆ లైట్‌ని వెలిగించే ప్రెషర్ స్విచ్ పోవడం మామూలే, కొత్తది వేసేయ్ అని ఎవరో చెప్పారని రాశావు. స్విచ్ పోవడం మామూలే, కాదనను. కానీ పోయిందని రుజువయ్యే దాకా ఆ లైట్ నిజమే చెబుతోందనుకుని నడుచుకో. స్విచ్ బాగానే ఉండి నువ్వు నమ్మకపోతే దెబ్బతినేది క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు), దాని బేరింగులు, పైన హెడ్‌లో వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్టు. పాత బండికి వాటిలో కొన్ని ఇప్పుడు వెతికినా దొరకవు.

కాబట్టి ముందు ఇది విను. నడుపుతుండగా లైట్ వెలిగి ఆరకుండా ఉంటే క్లచ్ పట్టి, వెనక ఎవరొస్తున్నారో చూసుకుని, ఇంజన్ ఆపేసి పక్కకు తీసుకెళ్ళు. ఇంకాస్త దూరమేగా, మెల్లగా వెళ్ళిపోదాం అనుకోకు. షెల్ బేరింగులో (రోలర్లు లేకుండా, రెండు సగం చిప్పలు కలిసి ఇరుసును పట్టుకునే రకం) క్రాంకు తిరిగేటప్పుడు లోహానికి లోహం తగలదు, మధ్యలో సన్నటి ఆయిల్ పొర ఉంటుంది, ఆ పొర నిలబడాలంటే పంపు ఆగకుండా ఆయిల్ తోస్తూనే ఉండాలి. అది ఆగితే లోడ్ మీద ఉన్న బేరింగ్ పాడవడానికి నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. ఆ స్థితిలో మెల్లగా నడపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ లైట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు స్విచ్ లోపల కాంటాక్ట్ కలిసే ఉంటుంది, కరెంటు ఒకే వైరులోంచి ఇంజన్ బాడీకి ఎర్త్ అవుతుంది, లైట్ వెలుగుతుంది. ఇంజన్ తిరిగి ప్రెషర్ వచ్చాక ఆ కాంటాక్ట్ విడిపోతుంది, లైట్ ఆరుతుంది. చాలా బండ్లలో అది విడిపోయేది సుమారు 0.2 నుంచి 0.5 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర, అంటే చాలా తక్కువ ప్రెషర్ దగ్గర. షెల్ బేరింగ్ ఇంజన్‌కి వేగంలో కొన్ని బార్ల ప్రెషర్ కావాలి. దీన్నిబట్టి లైట్ ఆరినంత మాత్రాన ప్రెషర్ బాగుందని అర్థం కాదు. వెలిగిందంటే మాత్రం, స్విచ్ మంచిదైతే, పరిస్థితి బాగా దిగజారాకే వెలిగింది.

ఇంకొకటి కూడా చూడు. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు లైట్ వెలగాలి. వెలగకపోతే బల్బో వైరో పోయింది, నీకు హెచ్చరికే లేదన్నమాట. కొన్ని బండ్లలో ఆయిల్ బొమ్మ ఉన్న లైట్ ప్రెషర్‌ది కాదు, ఆయిల్ లెవెల్‌ది. నీ బండి మాన్యువల్‌లో ఏది రాసి ఉందో చూసుకో, లేకపోతే లేని జబ్బుకు వైద్యం చేస్తావు.

ఇప్పుడు అసలు ప్రశ్న, లైట్ ఎప్పుడు వెలుగుతోంది? దీనికి నువ్వు సరిగ్గా జవాబు చెప్పగలిగితే మెకానిక్ పని సగం తగ్గుతుంది. వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా) ఉన్నప్పుడు మాత్రమే మిణుకుమిణుకుమంటూ, కాస్త యాక్సిలరేటర్ ఇవ్వగానే ఆరిపోతోందా? అయితే ఐడిల్ మరీ తక్కువ పెట్టి ఉండొచ్చు, ఆయిల్ పలుచబడి ఉండొచ్చు, లేదా బేరింగుల అరుగుదల మొదలై ఉండొచ్చు. బ్రేక్ వేసినప్పుడో గట్టిగా లాగినప్పుడో వెలిగి ఆరుతోందా? అయితే లెవెల్ తగ్గి, ఆయిల్ ఒక పక్కకు పోయినప్పుడు పంపు గాలి పీలుస్తోంది. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచే ఆరడం లేదా? అది పంపు, స్ట్రెయినర్ (పంపుకు ముందుండే జల్లెడ), రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మరీ పెరిగితే వదిలేసేది) లేదా వైరు ఎర్త్ అవడం, ఏదైనా కావచ్చు. ఆయిల్ మార్చిన వెంటనే మొదలైందా? అయితే ఆ పనిలోనే ఏదో జరిగింది, ఇంకెక్కడా వెతకొద్దు. గుంతలో పడ్డప్పుడు, హ్యాండిల్ తిప్పినప్పుడు వెలుగుతోందంటే మాత్రం వైరు మీద అనుమానపడు.

లెవెల్ చూడ్డం అందరికీ వచ్చనుకుంటాం గానీ తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి చూడు (లైట్ ఆరకుండా ఉంటే నడపకు, ఉన్నది ఉన్నట్టే చూడు). డిప్‌స్టిక్ కొన్ని బండ్లకు మర బిగించి చూడాలి, కొన్నింటికి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, ఈ తేడా చాలు లెవెల్ తప్పు చదవడానికి. 1969 నాటి హోండా సీబీ750 లాగా ఆయిల్‌కి వేరే ట్యాంకు ఉండే ఇంజన్లలో ఇంకో చిక్కుంది. బండి చాలాకాలం కదలకుండా ఉంటే కొన్నింటిలో ట్యాంకులోని ఆయిల్ పంపు గుండా మెల్లగా కిందకు దిగిపోతుంది. ట్యాంకు ఖాళీగా కనిపిస్తోందని కంగారుపడి ఇంకో లీటరు పోస్తే మొత్తం ఎక్కువైపోతుంది.

లెవెల్ చూసేటప్పుడే ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడు. దీన్ని చిన్న విషయంగా తీసుకోకు. కార్బ్యురేటర్ ఉన్న పాత బండ్లలో ఫ్లోట్ నీడిల్ (పెట్రోల్ నిండగానే దారి మూసే సూది) సరిగ్గా మూసుకోక, పెట్రోల్ ట్యాప్ కూడా కారుతుంటే, బండి ఆగి ఉన్నప్పుడు పెట్రోల్ సిలిండర్లోంచి కింది ఆయిల్‌లోకి దిగుతుంది. అప్పుడు లెవెల్ తగ్గదు సరికదా పెరుగుతుంది! ఆయిల్ నీళ్ళలా పలుచబడి ప్రెషర్ పడిపోతుంది. పెట్రోల్ వాసన వస్తే ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు, దగ్గర్లో నిప్పు ఉండనివ్వొద్దు. కారే చోటు బాగుచేసి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాకే ముందుకెళ్ళు. ఆయిల్ పాలకలర్‌లోకి మారితే నీరు చేరిందని అర్థం.

ఏ గ్రేడ్ ఆయిల్ పోశారో కూడా అడుగు. 20డబ్ల్యూ-50 చెప్పిన ఎయిర్‌కూల్డ్ ఇంజన్లో అంతకంటే పలుచటిది పోస్తే వేడిలో, ఐడిల్‌లో లైట్ మిణుకుమనడం వింతేమీ కాదు. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బండైతే డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నదే వాడు.

ఫిల్టర్ సంగతి. క్యాట్రిడ్జ్ ఫిల్టర్ (మూత విప్పి లోపల పెట్టే రకం) ఉన్న పాత ఇంజన్లలో దాని వెనక ఒక స్ప్రింగు, ఒక వాషరు ఉంటాయి. జిడ్డుకు అవి పాత ఫిల్టర్‌కి అతుక్కుని దానితోపాటే చెత్తలోకి పోతుంటాయి. మాన్యువల్‌లోని బొమ్మ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకో. డబ్బాలా ఉండి తిప్పి బిగించే రకమైతే పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని, దానిమీద కొత్తది బిగించారేమో చూడు. రెండు రింగులుంటే ఎప్పుడో ఒకప్పుడు ఆయిల్ మొత్తం బయటికి చిమ్ముతుంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు స్విచ్ దగ్గరికి రా. ఇంజన్ ఆపి, కీ ఆన్ చేసి, స్విచ్ మీది వైరు ఊడదియ్యి. లైట్ ఆరాలి. ఆరకపోతే వైరు ఎక్కడో ఫ్రేముకు రాసుకుని ఎర్త్ అవుతోంది, ఇంజన్‌కి సంబంధం లేదు. ఆరితే వైరు బాగానే ఉంది. స్విచ్ మంచిదో కాదో ఇది చెప్పదు, అది తేల్చేది ప్రెషర్ గేజ్ ఒక్కటే.

గేజ్ పెట్టి చూడకుండా స్విచ్ మార్చడం నాకు అసలు నచ్చదు. కొత్త స్విచ్ వేశాక కూడా లైట్ వెలిగితే ఈ కొత్తది కూడా డూప్లికేటేమో అనుకుంటారు, ఈలోపు బేరింగ్ పోతుంది. స్విచ్ విప్పి, ఆ రంధ్రంలోనే అడాప్టర్‌తో మెకానికల్ గేజ్ బిగించు. చాలా జపాన్ బండ్లలో అక్కడ ఉండేది 1/8 బీఎస్‌పీటీ మర, అంగుళానికి 28 చుట్లు. గేజ్‌తో వచ్చే అడాప్టర్ తరచూ 1/8 ఎన్‌పీటీ, అంగుళానికి 27. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మొదటి చుట్లు ఎక్కుతాయి కూడా, బలం పెట్టావో మర పాడవుతుంది. సరైన మరైనా అది మూతి సన్నబడే రకం, బిగించేకొద్దీ చీలికలా పనిచేసి అల్యూమినియం కేసును పగలగొట్టగలదు, కాబట్టి లీకు ఆగేంతే బిగించు. తర్వాత స్విచ్ తిరిగి పెట్టేటప్పుడు మర మీద టేపు దట్టంగా చుట్టకు, స్విచ్‌కి ఎర్త్ అందేది ఆ మరలోంచే, అది తెగితే లైట్ ఇక ఎప్పటికీ వెలగదు.

ఈ పరీక్ష ఆరుబయటే చెయ్యి, మూసిన గదిలో పొగ ప్రాణం తీస్తుంది. ఎయిర్‌కూల్డ్ ఇంజనైతే ముందు ఫ్యాన్ పెట్టు. గేజ్ గొట్టం సైలెన్సర్‌కి తగలకుండా చూసుకో. స్టార్ట్ చేశాక కొన్ని సెకన్లలో ముల్లు లేవకపోతే వెంటనే ఆపెయ్. లేస్తే చల్లగా ఉన్నప్పుడు ఎంత, పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఎంత, రాసుకో.

ఆ అంకెల్ని నీ ఇంజన్ మాన్యువల్‌తోనే పోల్చు, పక్కవాడి బండితో కాదు. షెల్ బేరింగ్ ఇంజన్లకు ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కి సుమారు 10 పీఎస్ఐ ఉండాలని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది, అంటే 0.7 బార్. 1970ల నాటి కవాసాకి జెడ్1, సుజుకి జీఎస్750 లాంటి వాటిలో క్రాంకు రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది, వాటికి ఆయిల్ ధార చాలు, ప్రెషర్ పుట్టేంత ఇరుకు అక్కడ ఉండదు. అలాంటి ఇంజన్‌కి పెద్ద రేంజ్ గేజ్ పెడితే ముల్లు సరిగ్గా కదలకపోయినా జబ్బు ఉన్నట్టు కాదు, తక్కువ రేంజ్ గేజ్ వాడాలి.

పంపు ఇచ్చేది ఆయిల్ ప్రవాహం, ప్రెషర్ పుట్టేది ఆ ప్రవాహానికి అడ్డు తగిలినప్పుడు. తోటకు నీళ్ళు పట్టే పైపు మూతిని వేలితో నొక్కితే ధార ఎలా బిగుస్తుందో అలాగే. బేరింగ్ అరిగి సందు పెరిగితే ఆ వేలు వదులైనట్టు. అందుకే చల్లటి చిక్కటి ఆయిల్‌తో అంకె బాగుండి వేడెక్కాక బాగా పడిపోతే, ఆయిల్ సరైనదే అయితే, అరుగుదల మీదే ఎక్కువ అనుమానం. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా తక్కువే అయితే రిలీఫ్ వాల్వ్ చెత్త పడి తెరుచుకుని ఇరుక్కుందేమో, పంపు అరిగిందేమో, స్ట్రెయినర్ మూసుకుపోయిందేమో చూడు. వేగం పెంచేకొద్దీ పెరిగి, ఒక చోట హఠాత్తుగా పడిపోతే మళ్ళీ స్ట్రెయినరే. ముల్లు వణుకుతుంటే పంపు గాలి పీలుస్తోంది.

స్ట్రెయినర్, రిలీఫ్ వాల్వ్ చాలా ఇంజన్లలో కింది ఆయిల్ పాన్ విప్పితే అందుతాయి, ఇంజన్ దింపక్కర్లేదు. ఇంతకుముందెవరో ప్యాకింగ్‌కి బదులు సిలికాన్ గమ్ దట్టంగా పూసి ఉంటే దాని ముక్కలు ఆ జల్లెడలో తరచూ కనిపిస్తాయి. పాన్ అడుగున ఏముందో కూడా చూడు. అయస్కాంతానికి అంటుకునే పొడి గేర్లలాంటి ఉక్కు భాగాలది. అంటుకోకుండా వెండిలా మెరిసే రేకులు, వాటిలో రాగి రంగు కనిపిస్తే అది షెల్ బేరింగ్ పొరలదే. అది కనిపించాక, లేదా లోడ్ మీద కింది నుంచి బరువుగా టకటక శబ్దం వస్తే, ఇక స్టార్ట్ చెయ్యకు. క్రాంకు విప్పి సందులు కొలవాల్సిందే.

ప్రెషర్ పెంచుతామని అమ్మే చిక్కటి కలుపుడు మందులు పొయ్యకు. అంకె కాస్త పెరుగుతుంది, లైట్ ఆరుతుంది, సందు మాత్రం అంతే ఉంటుంది. లైట్ ఆరిందన్న ధైర్యంతో నువ్వు దూరం వెళతావు, అదే నా భయం.

ముందు లెవెల్, వాసన, వైరు చూసి, గేజ్ తెప్పించుకో. రాసేటప్పుడు బండి మోడల్, సంవత్సరం, ఏ ఆయిల్, ఆ మూడు అంకెలు, లైట్ సరిగ్గా ఎప్పుడు వెలుగుతోందో రాయి. వాటిని చూశాకే పాన్ విప్పాలా, క్రాంకు దాకా వెళ్ళాలా అన్నది చెబుతాను. అప్పటిదాకా బండి స్టాండ్ మీదే ఉండనీ.