ఫార్మ్‌-డి చేసిన అమ్మాయి, క్లినికల్ ట్రయల్స్ యూనిట్: డిప్లమో అవసరమా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా అమ్మాయి ఫార్మ్‌-డి పూర్తిచేసింది. కొత్త మందుల్ని పరీక్షించే హాస్పిటల్ యూనిట్‌లో చేరి, ఎప్పటికైనా అలాంటి యూనిట్‌ని తనే నడపాలంటోంది. క్లినికల్ రీసెర్చ్ డిప్లమోకి హైదరాబాద్‌లో లక్షన్నర అడుగుతున్నారు. కట్టమంటారా? – ఒక తల్లి

జవాబు: కట్టొద్దండి. ఆరేళ్ల ఫార్మ్‌-డి చదివి, ఏడాదిపాటు వార్డుల్లో తిరిగిన అమ్మాయికి ఆ డిప్లమో కొత్తగా నేర్పేది తక్కువ. ఆ లక్షన్నరతో ఆమె జీతం తక్కువుండే మొదటి ఏడాది గడిచిపోతుంది. ది గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ వెబ్‌సైట్‌లో జీసీపీ (ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే ప్రమాణాలు) కోర్సు ఉచితం, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. మందుల్ని నియంత్రించే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ వెబ్‌సైట్ నుంచి 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ రూల్స్ దించుకుని, మూడో షెడ్యూలు రెండుసార్లు చదవమనండి. సైట్‌లో, అంటే ట్రయల్ జరిగే ఆసుపత్రిలో, రోజూ చేసే పని చాలావరకు అందులోనే ఉంది.

ఆమె చేరాల్సింది ట్రయల్ రోజువారీ పనులు చూసే స్టడీ కోఆర్డినేటర్‌గా. ట్రయల్‌కి పెద్ద అయిన ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌గా ఉండేది డాక్టరే, చట్టం ముందు బాధ్యత కూడా ఆయనదే. కానీ ఆయనకి ఓపీ, ఆపరేషన్లు ఉంటాయి. యూనిట్ రోజువారీగా సవ్యంగా నడిచేది కోఆర్డినేటర్ జాగ్రత్త వల్లే. కొన్నేళ్లకు మేనేజర్ కుర్చీ కూడా అలాంటివాళ్లకే వస్తుంది.

అన్నిటికన్నా ముందు చేయి తిరగాల్సింది సమ్మతి పత్రం దగ్గర. రోగి సంతకం చేశాకే ట్రయల్ కోసం రక్తం తీయాలి. ‘ఎలాగూ సూది గుచ్చుతున్నాం కదా’ అని ముందే రెండు ట్యూబులు ఎక్కువ తీసినా అది తీవ్రమైన ఉల్లంఘనే. తేదీని రోగి తన చేత్తో వేయాలి, సిబ్బంది పూరించకూడదు. చదువు రానివాళ్లయితే యూనిట్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండి సంతకం చేయాలి. నామినీ పేరు, బంధుత్వం రాసే గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ట్రయల్ కారణంగా రోగి చనిపోతే పరిహారం అందేది ఆ పేరుకే. ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా చేయాలో రాసిన పత్రం) మారి కొత్త సమ్మతి పత్రం వస్తే, రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ఆ రోజే పాత కాపీలన్నీ వార్డుల్లోంచి తీసేయాలి. లేకపోతే నెల తర్వాత కూడా ఎవరో ఒకరు పాతదాని మీదే సంతకం పెట్టించేస్తారు.

మందుల గది సంగతి. ఇన్సులిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రతని ఎప్పటికప్పుడు నమోదు చేసే డేటా లాగర్ పెట్టాలి, ఫ్రిజ్‌కి జనరేటర్ లైను ఉండాలి. తుఫాను రాత్రి కరెంటు పోయి 11 డిగ్రీలకు చేరిందనుకోండి, ఆ మందు పారేయకూడదు, వాడకూడదు. విడిగా పెట్టి, ‘క్వారంటైన్’ అని చీటీ అంటించి, ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉందో ట్రయల్ చేయిస్తున్న స్పాన్సర్‌కి రాసి, జవాబు వచ్చేదాకా ఆగాలి. రక్త నమూనాలకు డ్రై ఐస్ ముందురోజే మాట్లాడుకోవాలి. శనివారం తీసిన నమూనా కొరియర్ కదలక సోమవారం దాకా ఉండిపోతుంది కాబట్టి రోగులు పరీక్షలకు వచ్చే విజిట్లు వారం మొదట్లో పెట్టుకోవడం మేలు.

కోనసీమ పరిస్థితిని బట్టి వేసుకోవాల్సిన లెక్క ఇంకోటుంది. విజిట్ గడువు తరచూ మూడు రోజులు అటూ ఇటూ మాత్రమే. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరదొస్తే లంకల నుంచి రోగి పడవ దిగి రాలేడు. సంక్రాంతికి, దాళ్వా కోతలకి రమ్మన్నా రారు. స్పాన్సర్ ‘ఆరు నెలల్లో ఎంతమందిని చేర్చగలరు?’ అని అడిగినప్పుడు డాక్టర్లు ఉత్సాహంలో ఓపీ రద్దీ చూసి 40 అనేస్తారు. రిజిస్టరు తిరగేసి, అర్హత నిబంధనలు పెట్టి వడగడితే 8 మందే తేలొచ్చు. ఆ లెక్క కోఆర్డినేటరే తీయాలి. చేర్చలేని సైటుకి మళ్లీ ట్రయల్ రాదు.

తీవ్ర దుష్ఫలితం ఏదైనా కనబడితే 24 గంటల్లోగా సీడీఎస్‌సీఓకి, స్పాన్సర్‌కి, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. పూర్తి విశ్లేషణ 14 రోజుల్లో వెళ్లాలి. రోగి సఖినేటిపల్లి నుంచి రేవు దాటి నరసాపురంలో ఇంకో ఆసుపత్రిలో చేరిపోతే మనకి కబురే రాదు. అందుకే ఫోన్ నంబరున్న కార్డు రోగికీ, ఇంట్లోవాళ్లకీ ఇచ్చి, వారానికోసారి కోఆర్డినేటరే ఫోన్ చేయాలి.

మీ అమ్మాయి సొంతంగా యూనిట్ పెట్టే రోజు వస్తే మొదట చూడాల్సింది ఎథిక్స్ కమిటీ. కనీసం ఏడుగురు సభ్యులు, అందులో సగంమంది బయటివాళ్లు, పైగా రిజిస్ట్రేషన్. సొంత కమిటీ లేకపోతే అదే ఊళ్లోనో, 50 కిలోమీటర్ల లోపునో ఉన్న రిజిస్టరైన కమిటీ ఒప్పుకోవాలి. మొదటి రోగిని చేర్చేముందే ట్రయల్ సీటీఆర్ఐలో, అంటే దేశంలోని ట్రయల్స్ జాబితాలో, నమోదై ఉండాలి.

ఈ వారమే చేయగలిగింది ఒకటుంది. సీటీఆర్ఐ వెబ్‌సైట్ అందరికీ ఉచితం. ప్రతి ట్రయల్ కింద సైట్ల పేర్లు, ఇన్వెస్టిగేటర్ల పేర్లు ఉంటాయి. కాకినాడ రంగరాయ, రాజానగరం జీఎస్ఎల్, అమలాపురం కిమ్స్, ఏలూరు ఆశ్రమ్ పేర్లతో వెతికి, ట్రయల్ కనబడితే ఆ విభాగం డాక్టర్‌నే నేరుగా కలవమనండి. ఇంటర్వ్యూలో ఒక్కో కోఆర్డినేటర్ చేతిలో ఎన్ని ట్రయల్స్ ఉన్నాయో తప్పకుండా అడగాలి. ఐదారు అంటే నేర్పేవాళ్లకి తీరిక ఉండదు, ఇంకో చోటు చూసుకోవాలి.