జైలు ఉద్యోగమంటే గేటు దగ్గర పని

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. భూమి తగాదాలో మా బాబాయిని రిమాండ్‌కు పంపారు. మొదటిసారి ములాఖత్‌కు వెళ్ళినప్పుడు నాన్నమ్మ ఆధార్ కార్డు తేలేదని వెనక్కి పంపేశారు. రెండోసారి మాత్రం కౌంటర్ దగ్గరున్న వార్డర్ ఆమెను కూర్చోబెట్టి, బాబాయి నంబరు తానే వెతికి చీటీ రాయించారు. అప్పటి నుంచి నాకు డిప్యూటీ జైలర్ కావాలని ఉంది. ఇంట్లో "దొంగల మధ్య ఉద్యోగమా" అంటున్నారు. అమెరికా జైళ్ళ వీడియోల్లో కొత్త ఖైదీల కోసం వేరే ఇన్‌టేక్ సెంటర్ చూపిస్తారు. మనకూ అలాంటిది ఉందా? అక్కడ పని ఎలా ఉంటుంది? బాబాయి కేసు నాకు అడ్డం వస్తుందా?

జవాబు: పోలీసు ఉద్యోగం కావాలంటూ నా దగ్గరికి ఏడాది పొడవునా పిల్లలు వస్తూనే ఉంటారు. జైలు ఉద్యోగం కావాలని కోరి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో ఎక్కువమంది ఖాకీ బట్టలు చూసి వచ్చినవాళ్ళే. మీరు ఒక చీటీ రాసే మనిషిని చూసి వచ్చారు. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అమెరికా సంగతి. అక్కడ చాలా రాష్ట్రాల్లో శిక్ష పడిన ఖైదీని నేరుగా జైలుకు పంపరు. మిషిగన్ రాష్ట్రాన్నే తీసుకుంటే, శిక్ష పడిన మగవాళ్ళు ముందు జాక్సన్ ఊరి దగ్గరున్న చార్లెస్ ఎగెలర్ రిసెప్షన్ అండ్ గైడెన్స్ సెంటర్‌కు వెళ్తారు. అక్కడ వైద్య పరీక్షలు చేస్తారు, చదువు ఎంతో చూస్తారు, మనిషి ఎంత ప్రమాదకారో అంచనా వేస్తారు. ఏ జైలుకు పంపాలో ఆ తర్వాతే తేలుస్తారు. మన దగ్గర ఇలా విడిగా ఒక కేంద్రం ఉండదు. ప్రతి సెంట్రల్ జైలూ, జిల్లా జైలూ తన గేటు దగ్గరే ఈ పని చేసుకుంటుంది. మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఇంకా శిక్షే పడలేదు మరి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే, అందులో 4,34,302 మంది విచారణలో ఉన్నవాళ్ళే. మీ బాబాయిలాగే మధ్యాహ్నం కోర్టులో నిలబడి, సాయంత్రానికి, జైల్లో ఉంచమని కోర్టు ఇచ్చిన వారెంటుతో గేటు దగ్గర దిగినవాళ్ళు. వాళ్ళను వారాల తరబడి పరిశీలించి వర్గీకరించే వ్యవధి ఎవరికీ ఉండదు. ఆ సాయంత్రమే అంతా జరిగిపోవాలి.

ఆ సాయంత్రం ఎలా ఉంటుందో నేనొకసారి దగ్గర నుంచి చూశాను. విడుదల కాబోయే ఖైదీలకు ఉపాధి మార్గాల గురించి చెప్పమంటే ఒక జైలుకు వెళ్ళాను. తిరిగి వస్తుంటే గేటు దగ్గర ఆపేశారు. జైలు గేటుకు రెండు తలుపులుంటాయి. ఒకటి మూసి తాళం పడ్డాకే రెండోది తీస్తారు. ఆ రెంటి మధ్య జాగాలో అరగంట నిలబడ్డాను. ఎస్కార్ట్ పోలీసులు ఐదుగురిని తెచ్చారు. డిప్యూటీ జైలర్ వయసు ముప్ఫై దాటి ఉండదు. ఒక్కొక్క వారెంటునూ ట్యూబులైటు కిందికి పట్టుకుని చదువుతున్నాడు. పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, సెక్షన్లు, మళ్ళీ కోర్టుకు తీసుకెళ్ళవలసిన తేదీ, ముద్ర, సంతకం. "మీ నాన్న పేరేమిటి?" అని ప్రతివాణ్ణీ అడిగాడు. కాగితంలో ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ అని ఉంటే చొక్కా చెయ్యి మడిపించి చూశాడు. నాలుగో వారెంటు మీద ముద్ర ఉంది, సంతకం లేదు. తీసుకోనన్నాడు. కానిస్టేబుల్ బతిమాలాడు: "సార్, కోర్టు మూసేసి ఉంటారు." ఆ కుర్రాడు గొంతు పెంచలేదు. "సంతకం లేని కాగితం మీద మనిషిని లోపల పెట్టే అధికారం నాకు లేదు" అని కాగితం తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత సోదా. ఒకాయన వేలికి ఉంగరం బిగిసిపోయి రాలేదు. సబ్బునీళ్ళు తెప్పించి, మెల్లగా తిప్పి తీశారు. రిజిస్టరులో దాన్ని బంగారు ఉంగరం అని రాయలేదు, "పసుపు రంగు లోహపు ఉంగరం" అని రాశారు. బంగారమో కాదో జైలు తేల్చలేదు, రేపు విడుదలయ్యేటప్పుడు గొడవా రాకూడదు. గడియారం, బెల్టు, జేబులో ఉన్న 340 రూపాయలు, ఒక బస్సు టికెట్టు అన్నీ ఎక్కాయి. కింద ఆయన సంతకం. బస్సు టికెట్టు కూడా ఎందుకు రాశారని నవ్వుతూ అడిగాను. "అది ఆయన వస్తువు కదండీ" అన్నాడు డిప్యూటీ జైలర్.

ఇందులో చాలా భాగం 1894 నాటి జైళ్ళ చట్టంలో ఉన్నదే. లోపలికి వచ్చిన ప్రతి ఖైదీనీ సోదా చేయాలి, ఆడవాళ్ళను ఆడ ఉద్యోగే చేయాలి. వీలైనంత త్వరగా డాక్టరు చూసి, ఒంటి మీద గాయాలూ గుర్తులూ ఉంటే పుస్తకంలో ఎక్కించాలి. ఈ చివరిది చూడడానికి చిన్న విషయంలా ఉంటుంది. పోలీస్ స్టేషన్లో తగిలిన దెబ్బను గేటు దగ్గర రాయకపోతే, మర్నాటికి అది జైల్లో తగిలిన దెబ్బ అవుతుంది. రాస్తే ఖైదీకీ రక్షణ, మీకూ రక్షణ. ఆ తర్వాత ఫొటో, వేలిముద్రలు, కంప్యూటర్లో నమోదు, ఒక నంబరు, ఖైదీ వివరాలు రాసిపెట్టే హిస్టరీ టికెట్. మొదటి కొన్నాళ్ళు కొత్తవాళ్ళను ఉంచే బ్యారక్. విచారణ ఖైదీలను శిక్ష పడినవాళ్ళతో కలపకూడదు. ఇంకొకటి: 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది, కులాన్ని బట్టి ఊడ్చే పని ఒకరికీ వంట పని మరొకరికీ ఇచ్చే పద్ధతిని కొట్టేసింది. మీరు ఉద్యోగంలో చేరేనాటికి పాత అలవాటుతో "ఏం కులం?" అని అడిగే సీనియరు ఒకరు తగలవచ్చు. అప్పుడు ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. పరీక్షలో అడగని ప్రశ్న ఇది, ఉద్యోగంలో మాత్రం ఎదురవుతుంది.

గేటు దగ్గర వేసిన తేదీ కూడా ఉత్త అంకె కాదు. రేపు శిక్ష పడితే, రిమాండ్‌లో గడిపిన రోజులను అందులోంచి తీసేస్తారు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ చూడండి. మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న నేరం కాకుండా, అంతకు ముందు ఏ నేరానికీ శిక్ష పడని మనిషి ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణలోనే గడిపేస్తే, బెయిలు కోసం కోర్టుకు రాయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తుంటే ఈ వెసులుబాటు వర్తించదు. ఆ లెక్క కట్టేది ఎవరనుకున్నారు? కింద కూర్చున్న డిప్యూటీ జైలరూ, అతని పక్కనున్న గుమాస్తా. లెక్క తప్పితే ఒక మనిషి పది రోజులు ఎక్కువ లోపలే ఉంటాడు. పరీక్షలో కూడికలు తప్పితే మార్కులే పోతాయి.

ఇక ములాఖత్. మీకు తెలిసిన భాగమే అయినా, కౌంటరుకు అవతలి వైపు నుంచి ఒకసారి చూడండి. పొద్దున్నే గేటు ముందు చెట్టు కింద జనం. సగంమందికి ఖైదీ నంబరు తెలియదు, ఇంటిపేరు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా ఉంటుంది. ఎవరి చేతిలో చూసినా టిఫిన్ డబ్బా. ఇంట్లో వండింది లోపలికి వెళ్ళదని చెప్పవలసింది మీరే. ఆ డబ్బా అడుగునే గంజాయి పొట్లం వచ్చిన రోజులుంటాయి కనుక పులిహోర తెచ్చిన తల్లికీ మినహాయింపు ఉండదు. నిషిద్ధ వస్తువు లోపలికి చేరవేస్తే ఆరు నెలల దాకా జైలు అని ఆ 1894 చట్టంలోనే ఉంది. వచ్చినవాళ్ళ పేరూ ఊరూ అడిగే హక్కు జైలర్‌కు ఉంది. అనుమానం వస్తే సోదా చేయవచ్చు, కాని మరో సందర్శకుడి ఎదుటా, ఖైదీ ఎదుటా చేయకూడదు. నూట ముప్ఫై ఏళ్ళ నాటి చట్టానికి ఆ మాత్రం మర్యాద తెలుసు. సోదాకు ఒప్పుకోకపోతే లోపలికి పంపకుండా ఉండవచ్చు, ఎందుకు పంపలేదో రాసిపెట్టాలి. లాయరు వస్తే విచారణ ఖైదీతో మూడో మనిషి లేకుండా మాట్లాడుకోనివ్వాలి.

ములాఖత్‌ను జైలువాళ్ళు దయతో ఇచ్చేదని కొందరు ఉద్యోగులే అనుకుంటారు. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధంలో ఉన్న మనిషి కుటుంబసభ్యులనూ లాయరునూ కలవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఇప్పుడు ఈ-ములాఖత్ అని జాతీయ జైళ్ళ పోర్టల్లో ముందుగా పేరు నమోదు చేసుకోవచ్చు, వీడియోలో మాట్లాడే వెసులుబాటు కూడా ఉంది. నాన్నమ్మ అంత దూరం బస్సెక్కి వెళ్ళకముందే మీ ఫోన్లో ఆ పని చేసిపెట్టండి.

మీ ఇంట్లోవాళ్ళు భయపడుతున్నది ఖైదీల గురించి. నిజమైన ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి. సిబ్బంది తక్కువ, రాత్రి డ్యూటీలు ఎక్కువ. పండుగ రోజున అందరూ ఇంట్లో ఉంటే మీరు లోపల ఉంటారు. రాఖీ పౌర్ణమికి గేటు ముందు అక్కాచెల్లెళ్ళు బారులు తీరి ఉంటారు, మీ చెల్లెలు కట్టే రాఖీ మాత్రం రాత్రి ఇంటికి వెళ్ళాకే. డ్యూటీలో మీ ఫోనూ మీ దగ్గర ఉండదు. ఇవన్నీ పెళ్ళిచూపులకు ముందే చెప్పుకోవలసిన విషయాలు.

పోస్టులు తక్కువ, అది మరీ ముఖ్యం. తెలంగాణలో 2022 పోలీసు నియామకాల్లో డిప్యూటీ జైలర్ పోస్టులు ఎనిమిదంటే ఎనిమిదే. వార్డర్ పోస్టులు మగవాళ్ళకు 136, ఆడవాళ్ళకు 10. డిప్యూటీ జైలర్‌కు డిగ్రీ కావాలి, ఎస్సై పోస్టులతో కలిపి పరీక్ష. వార్డర్‌కు ఇంటర్ చాలు, కానిస్టేబుల్ పోస్టులతో కలిపి పరీక్ష. ప్రాథమిక పరీక్ష, పరుగూ లాంగ్ జంపూ షాట్‌పుట్టూ, ఆపై తుది పరీక్ష. ఎనిమిది పోస్టుల కోసం మూడేళ్ళు గదిలో కూర్చోమని నేను చెప్పను. ఎస్సైకి చదివే చదువే దీనికీ సరిపోతుంది, రెంటికీ దరఖాస్తు చేయండి. వార్డర్‌గా వచ్చినా చిన్నతనం అనుకోవద్దు, మీరు చూసిన ఆ మనిషి వార్డరే. చేరాక శిక్షణ హైదరాబాద్ చంచల్‌గూడలోని రాష్ట్ర సంస్థలో ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారులకు వెల్లూరులో 1979 నుంచి ఒక అకాడమీ ఉంది.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా ఉండకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా, అంటే న్యాయసహాయం కావలసినవాళ్ళకు తోడ్పడే మనిషిగా చేరడానికి దరఖాస్తు చేయండి. జైళ్ళలో న్యాయసహాయ కేంద్రాలకు వాళ్ళను పంపుతుంటారు. అర్జీ ఎలా రాయాలో, వారెంటు ఎలా చదవాలో అక్కడ చేతికి వస్తుంది. అది నచ్చకపోతే ఉద్యోగమూ నచ్చదు, ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. నచ్చి, పరీక్ష మాత్రం కలిసిరాకపోతే, సోషల్ వర్క్‌లో పీజీ చేసి ఖైదీల సంక్షేమం వైపు రావచ్చు.

బాబాయి కేసు మీ మీద ఉన్న కేసు కాదు. ఎంపికయ్యాక నింపే ధ్రువీకరణ పత్రంలో మీ మీద కేసులున్నాయా, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. ఆ భూమి తగాదా ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కడైనా మీ పేరు కూడా పడిందేమో లాయరును అడిగి, కాపీ తెప్పించుకుని చూసుకోండి. కుటుంబ తగాదాల్లో ఇంట్లో మగవాళ్ళందరి పేర్లూ రాసేయడం మామూలే. పడి ఉంటే దాచవద్దు. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని, దాచితే ఎంపిక రద్దు కావచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న కేసు చెప్పుకున్నవాళ్ళకు దారి దొరుకుతుంది, దాచి దొరికినవాళ్ళకు కష్టం.

చివరగా నాన్నమ్మ సంగతి. మొదటి రోజు వెనక్కి పంపినవాళ్ళు చెడ్డవాళ్ళనీ, రెండో రోజు కూర్చోబెట్టినాయన మంచివాడనీ మీ ఉత్తరంలో ధ్వనించింది. రెండో రోజు ఆధార్ ఉంది కాబట్టే ఆయన చీటీ రాయించగలిగారు. అది లేకుండా వచ్చిన ముసలమ్మను, మూడు బస్సులు మారి వచ్చానన్నా, ఆయనా వెనక్కే పంపాలి. వచ్చే ములాఖత్‌కు వెళ్ళినప్పుడు, రద్దీ తగ్గాక ఆయన్నే అడగండి: ఈ రోజు ఎంతమందికి చీటీ రాయించారు, ఎంతమందిని పంపేశారు, పంపేసేటప్పుడు ఏమని చెప్పారు అని. ఆయన చెప్పింది నాకు రాయండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.